ఏడో పేరా మేడ

నోటీసు చేతికొస్తే ఎవరైనా ముందు ఎంత కట్టమన్నారో చూస్తారు. ముక్కామల భానుమూర్తి మాత్రం భాష ఎలా ఉందో చూశాడు. అది ఆయన తప్పు కాదు, చేసిన ఉద్యోగం అలాంటిది. తోటపేట పురపాలక సంఘం రెవెన్యూ విభాగంలో గుమాస్తాగా చేరి, హెడ్డుగుమాస్తాగా దిగిపోయి పదకొండేళ్ళయినా, ఆఫీసు కాగితం కంటబడితే ఆయన చెయ్యి ఇప్పటికీ ఎర్ర పెన్ను కోసం జేబు తడుముకుంటుంది.

గుమ్మంలోనే నిలబడి పైకి చదివాడు. "తమకు తెలియజేయునది ఏమనగా, ఈ తుది నోటీసు అందిన ఏడు దినములలోగా ఇంటిపన్ను బకాయి రూపాయలు పద్ధెనిమిది వేల నాలుగు వందల అరవై చెల్లించని యెడల, తమ చరాస్తి జప్తు చేయబడి, బహిరంగ వేలమున విక్రయింపబడి, సదరు సొమ్ము రాబట్టబడును."

చదివి మురిసిపోయాడు. ఆ 'రాబట్టబడును' ఆయనదే. అంతకు ముందు 'వసూలు చేయబడును' అని ఉండేది. అందులో బరువు లేదని ఆయనే కొట్టేసి ఇది పెట్టాడు. ఇన్నేళ్ళయినా ఎవరూ ఒక్క అక్షరం కదపలేదని భార్యను పిలిచి మరీ చూపించాడు.

విశాలాక్షి మినప్పప్పు కడుగుతున్నదల్లా లేచొచ్చి, తడిచేత్తోనే కాగితం అందుకుంది. ఆవిడ భాష జోలికి పోలేదు. కాగితం అడుగున 'జప్తునకు గుర్తించిన చరాస్తి' అని ఒక గడి ఉంది. అందులో 'పెద్ద గ్రైండరు ఒకటి, పది లీటర్లది, పనిచేయుచున్నది' అని రాసి ఉంది.

"మన గ్రైండరు పది లీటర్లదని వీళ్ళకెలా తెలిసిందండీ?" అంది.

తెలియకేం? ఆ వార్డు బిల్లు కలెక్టరు ఏసుపాదం ప్రతి శనివారం ఆ గ్రైండరు పక్కనే నిలబడి కిలో దోసెపిండి కొనుక్కుపోతాడు. ఆరేళ్ళ నుంచీ విశాలాక్షి పిండి రుబ్బి అమ్ముతోంది. నలభై మూడు ఇళ్ళు వాడుక. ఇల్లు తన పింఛను మీద నడుస్తోందని భానుమూర్తి గట్టి నమ్మకం. దేని మీద నడుస్తోందో విశాలాక్షికి తెలుసు. ఆయన గుండెకి స్టెంటు వేయించినప్పుడు ఆస్పత్రికి కట్టిన డబ్బులో సగం ఆ గ్రైండర్లోంచే వచ్చింది. ఆ సంగతి ఆవిడ ఎప్పుడూ ఎత్తలేదు, ఆయనా ఎప్పుడూ లెక్క అడగలేదు.

ఇంతకీ బకాయి ఎక్కడిది? ఇంటిపన్ను ఏప్రిల్లోనే కట్టేశారు, రశీదు ఉంది. ఈ నోటీసు మొదటి అంతస్తుకట. వాళ్ళ ఇంటికి మొదటి అంతస్తు లేదు. కింద నాలుగు గదులు, పైన డాబా, డాబా మీద నీళ్ళ ట్యాంకు, అంతే.

కథంతా ఆ ట్యాంకు దగ్గర మొదలైంది. కొత్త కమిషనరు వచ్చీ రాగానే 'గగన వీక్షణం' అని ఒక పథకం పెట్టాడు. మనుషులు ఇల్లిల్లూ తిరిగి కొలిచే రోజులు పోయాయని, ఇకమీదట డ్రోను ఎగిరి పైనుంచి చూసి పన్ను వేస్తుందని ప్రకటించాడు. ఊరంతా చప్పట్లు కొట్టింది, భానుమూర్తితో సహా. అది ఎగిరిన రోజు రోహిణీ కార్తె. ట్యాంకులో నీళ్ళు సలసలా కాగుతున్నాయని విశాలాక్షి నాలుగు వెదుళ్ళు పాతించి పైన ఒక పెద్ద నీలం టార్పాలిను కట్టించింది. పైనుంచి చూసిన డ్రోనుకి అది నీలం రంగు పైకప్పుతో ఉన్న అంతస్తుగా కనబడింది.

మర్నాడు భానుమూర్తి ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆఫీసుకెళ్ళాడు. రెవెన్యూ ఆఫీసరు రత్నరాజు ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడే. చూడగానే లేచి నిలబడి, కుర్చీ తుడిపించి, టీ తెప్పించాడు. ఇంట్లో అమ్మగారు ఎలా ఉన్నారని అడిగాడు. టీ అయ్యాక నోటీసు చూసి చాలా బాధపడ్డాడు కూడా.

"గురువుగారూ, తమ అంతస్తు భౌతికంగా లేదంటున్నారు. నేను ఒప్పుకుంటున్నాను. కాని రికార్డులో ఉంది కదండీ. ఏడో పేరా ఉండగా నేనెలా తీసేస్తాను?" అన్నాడు.

ఏడో పేరా అనగానే భానుమూర్తి ఛాతీ రెండంగుళాలు పెరిగింది. పెరగదూ మరి? ఇరవై నాలుగేళ్ళ కిందట, పన్ను కొలతలకి మనుషులొస్తున్నారని తెలిసి జనం డాబా మీది షెడ్లు ఊడదీసి, వాళ్ళు పోగానే మళ్ళీ వేసుకునేవారు. ఆ మోసం ఆపడానికి భానుమూర్తి మూడు రోజులు కూర్చుని ఒక సర్క్యులరు రాశాడు. అందులో ఏడో పేరా ఇది. 'రిజిస్టరులో ఒకసారి నమోదైన అంతస్తు, భౌతికంగా లేదన్న ఒక్క కారణముచేత రిజిస్టరు నుండి తొలగింపదగినది కాదు.' పై ఆఫీసు వాళ్ళు మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. ఆ రోజు విశాలాక్షి మైసూరుపాకం చేసి ఇరుగుపొరుగులకి పంచింది. ఎందుకు పంచమన్నాడో ఆవిడ అడగలేదు, ఆయనకి ప్రమోషను వచ్చిందనుకుంది.

ఇప్పటికీ ఆ పేరాకి తిరుగులేదట. హైకోర్టుదాకా వెళ్ళిన ఒకాయన కూడా దాని దెబ్బకి వెనక్కొచ్చాడట. రత్నరాజు చెబుతుంటే భానుమూర్తికి కళ్ళు చెమ్మగిల్లాయి. ఇంటికొచ్చి భార్యతో, మన అంతస్తు తీయడం కుదరదుట, ఏడో పేరా అంత బలంగా ఉందని, గెలిచొచ్చినవాడి గొంతుతో చెప్పాడు. మరి గ్రైండరు మాటేమిటని విశాలాక్షి అడిగింది. జవాబు రాస్తానని అన్నాడు. జవాబు రాయడంలో జిల్లాలో తనని మించినవాడు లేడని కూడా అన్నాడు.

రాశాడు. నాలుగు పేజీలు. 'సదరు అంతస్తు లేనేలేదు' అన్న ముక్కని పదహారు రకాలుగా చెప్పాడు. మూడో రోజు పొద్దున్నే ఆ జవాబు మీద విచారణకని ఒక కుర్ర ఇంజనీరు టేపు పట్టుకుని వచ్చాడు. డాబా ఎక్కి నాలుగు మూలలూ తిరిగి, ట్యాంకు కింద కూర్చుని రిపోర్టు రాశాడు. 'సదరు అంతస్తు కంటికి కనబడనందున కొలతలు తీయుట సాధ్యపడలేదు. కావున గగన వీక్షణము నందలి కొలతలనే ఖరారు చేయవలెను.' భానుమూర్తి ఆ రిపోర్టు చదివి, 'కావున' బాగుంది కాని 'కనబడనందున' తర్వాత కామా పెట్టి ఉండాల్సిందని సూచించాడు. కుర్రాడు వినయంగా కామా పెట్టాడు. సంతకం అయ్యాకగాని, ఆ కామాతో సహా తన జవాబు కొట్టుకుపోయిందని ఆయనకి తట్టలేదు.

ఆ సాయంత్రం రత్నరాజు ఫోను చేశాడు. గురువుగారి మీద గౌరవం కొద్దీ ఒక దారి వెతికాడట. అంతస్తు లేదని ఆఫీసు ఒప్పుకోదు కాని, ఉన్నదాన్ని కూల్చేశామంటే ఒప్పుకుంటుంది. కూల్చివేతకు దరఖాస్తు పెడితే సరి. భానుమూర్తికి ఆ దారి చాలా నచ్చింది. ఏడో పేరాకి చెక్కు చెదరదు, గ్రైండరూ దక్కుతుంది.

నాలుగో రోజు దరఖాస్తు పెట్టాడు. కూల్చాలంటే కట్టినప్పటి అనుమతి కావాలన్నారు. అనుమతి లేదు. లేకపోతే అది అక్రమ కట్టడం, ముందు సక్రమం చేయించుకుని ఆ తర్వాత కూల్చుకోవాలన్నారు. సక్రమం చేయాలంటే ప్లాను కావాలి. దాంతో లైసెన్సున్న ప్లాను గీసే ఆయన ఇంటికొచ్చి, హాల్లో కాగితం పరిచి, స్నానాలగది ఎటు పెట్టమంటారని అడిగాడు.

ఇక్కడే భానుమూర్తి పూర్తిగా జారిపోయాడు. వాస్తు ప్రకారం వంటిల్లు ఆగ్నేయంలో ఉండాలన్నాడు. పడగ్గదులు రెండన్నాడు. ముందువైపు ఒక బాల్కనీ పెట్టించి, అందులో పడక్కుర్చీ పట్టేంత జాగా ఉందో లేదో రెండుసార్లు కొలిపించాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయనకి ఒక బాల్కనీ ఉండాలని ఉందన్న సంగతి విశాలాక్షికి ఆ రోజే తెలిసింది. వంటింట్లోంచి అంతా వింటూ పిండి తూకం వేసుకుంది.

ఐదో రోజు ప్లాను ఆఫీసులో ఇచ్చాడు. చూడగానే రత్నరాజు మొహం వాడిపోయింది. డ్రోను లెక్కలో అది ఉత్త హాలు. ఇప్పుడు యజమానే స్వహస్తాలతో రెండు పడగ్గదులు, బాల్కనీ ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక వదిలేస్తే ఆడిటు వాళ్ళు ఊరుకోరు. బకాయి ముప్ఫై ఒక్క వేల తొమ్మిది వందల నలభై అయింది. గడువు మాత్రం మారలేదు. బాల్కనీ తీసేయవచ్చా అని భానుమూర్తి నీళ్ళు నమిలాడు. ఏడో పేరా ప్రకారం తీయడం కుదరదని రత్నరాజు తల వంచుకుని చెప్పాడు.

ఆరో రోజు మధ్యాహ్నం విశాలాక్షి గ్రైండరు కడిగి, చీర కొంగుతో చేతులు తుడుచుకుని, ఆయన ఎదురుగా కూర్చుంది. ఆవిడ అలా ఎదురుగా కూర్చోవడం స్టెంటు వేసిన రోజు తర్వాత మళ్ళీ అదే. కాగితాలన్నీ ఇమ్మంది. ఒక్కొక్కటే చదివింది. ప్రతి కాగితంలోనూ ఏడో పేరా, ఏడో పేరా అని ఉంది.

"ఈ ఏడో పేరా రాసిన మహానుభావుడెవరండీ?" అని అడిగింది.

ఇరవై నాలుగేళ్ళుగా భానుమూర్తి ఆ పేరా గురించి ఆఫీసులో ప్రతివాడికీ చెప్పాడు కాని, అది రాసింది తానేనని భార్యకి ఎప్పుడూ చెప్పలేదు. చివరికి, నేనే, అన్నాడు.

ఆవిడ అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది ఆయనకి.

"ఎల్లుండి రామకోటి గారింట్లో పెళ్ళిచూపులు. ఎనిమిది కిలోలు చెప్పారు. గ్రైండరు పోతే పిండి ఒక్కటే కాదండీ, మళ్ళీ నేను మీ దగ్గర కూరల డబ్బులకి చెయ్యి చాపాలి. అది నా వల్ల కాదు," అంది. "లేని మేడ ఉందని రాశారు. లేదని రాయలేరా?"

లేదని తాను అప్పుడే రాశానని ఆయన గొణిగాడు. మేడ లేదని కాదు, ఆ పేరా తప్పని రాయమంది. ఆ మాట చెప్పి లేచి లోపలికి పోయింది.

భానుమూర్తి తెల్లకాగితం ముందు పెట్టుకు కూర్చున్నాడు. ఎన్నో వేల కాగితాలు రాసిన చెయ్యి, ఆ రోజు కదలనంది. 'సదరు పేరా పునఃపరిశీలనార్హము' అని రాశాడు, చించాడు. 'కాలానుగుణముగా కొంత సవరణ' అని రాశాడు, అదీ చించాడు. ఎక్కడ మొదలుపెట్టినా వాక్యం చివరికొచ్చేసరికి తప్పు ఎవరిదో తెలియకుండా పోతోంది. అలా తెలియకుండా రాయడంలోనే ఆయన ప్రమోషన్లు తెచ్చుకున్నాడు మరి. బయట చీకటి పడే వేళకి మూడు ముక్కలు రాశాడు. 'ఏడో పేరా నేను రాశాను. తప్పు రాశాను. మా ఇంటికి మేడ లేదు.' కింద సంతకం పెట్టి చూసుకుంటే, తన కాగితంలా లేదు. చదవడానికి సిగ్గేసింది. అయినా చించలేదు.

ఏడో రోజు పదింటికి ఆ కాగితం రత్నరాజు చేతిలో పెట్టాడు. అతను చదివి, అటూ ఇటూ చూసి, లేచి తలుపు వేశాడు. తర్వాత తలుపు తీసి కమిషనరు గదిలోకి పరుగెత్తాడు. అయిదు నిమిషాల్లో భానుమూర్తికి కమిషనరు ఎదురుగా కుర్చీ వేశారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆయనకి ఆ గదిలో కుర్చీ వేసినవాడు లేడు.

కమిషనరు పెద్దమనిషి తరహాలో మాట్లాడాడు. గగన వీక్షణం వల్ల పట్టణంలో మూడువేల నూట పద్నాలుగు అంతస్తులు అదనంగా వెలుగులోకి వచ్చాయనీ, రాష్ట్రస్థాయి పురస్కారానికి ఆ అంకె పంపేశారనీ వివరించాడు. వాటిలో నిజంగా ఉన్నవి ఎన్నని భానుమూర్తి ఊరికే అడిగాడు. అది భౌతికమైన ప్రశ్న అన్నాడు కమిషనరు.

"చూడండి మూర్తిగారూ, ఈ పట్టణ ఆదాయ వ్యవస్థ యావత్తూ ఈ రోజున తమ ఏడో పేరా మీద ఆధారపడి నిలుచుంది. రచయిత స్వయంగా అది తప్పు అని లిఖితపూర్వకంగా ఇచ్చి, దానికి ఆఫీసు రిజిస్టరులో ఇన్‌వర్డు నంబరు పడితే, పర్యవసానం తమరు ఊహించగలరు. తమ బాకీ సంగతి మేము చూసుకుంటాం. ఆ కాగితం దయచేసి వెనక్కి తీసుకోండి."

చూసుకున్నారు కూడా. కమిషనరు అయిదు వేలు తీశాడు. రత్నరాజు నాలుగు వేలు. ఇంజనీరు, అకౌంటెంటు, కంప్యూటరు అమ్మాయి, ఎవరికి తోచింది వాళ్ళు. మూడువేల నూట పద్నాలుగు అంతస్తులూ కూలిపోకుండా ఆఫీసు ఆఫీసంతా కలిసి భానుమూర్తి లేని మేడకి పన్ను కట్టింది. రశీదు రాసి చేతిలో పెట్టారు, బాల్కనీతో సహా. ఆయన కాగితం ఆయనకిచ్చి, 'ఉపసంహరించుకొనుచున్నాను' అని వేరే కాగితం మీద సంతకం తీసుకున్నారు. ఆయన పెట్టేశాడు. గ్రైండరు దక్కింది, ఇంకేం కావాలి? పైగా తన వాక్యం ఖరీదు ఇన్నాళ్ళకి తెలిసొచ్చింది. రిక్షా ఎక్కి, దారి పొడుగునా ఆ రశీదు నాలుగుసార్లు తీసి చూసుకున్నాడు.

ఇంటి ముందు ట్రాలీ ఆటో ఆగి ఉంది. లోపల గ్రైండరు తిరుగుతూనే ఉంది. జప్తుకొచ్చిన ఏసుపాదం పీట మీద చేతులు కట్టుకు కూర్చున్నాడు. పప్పు వేశాక మధ్యలో ఆపితే పిండి పాడైపోతుందని విశాలాక్షి చెప్పిందట. ఆ పిండిలో తనదీ ఒక కిలో ఉంది కనక ప్రభుత్వం తరఫున అతను గంటన్నర నుంచి ఆగాడు. ఆఫీసు నుంచి ఫోను అప్పుడే వచ్చింది. అతను పంచనామా కాగితం మడిచి జేబులో పెట్టుకుని, హమ్మయ్య అన్నాడు.

భానుమూర్తి జరిగిందంతా రెండోసారి కూడా చెప్పాడు. కుర్చీ వేశారని, కమిషనరు అయిదు వేలు తీశాడని, తన మూడు ముక్కలకి ఆఫీసు గడగడలాడిందని చెప్పాడు. విశాలాక్షి పిండి గిన్నెలోకి తోడుతూ విన్నది. అంతా అయ్యాక ఒక్కటే అడిగింది.

"మరి మిగతా మూడువేల చిల్లర మందికి ఎవరు కడతారండీ?"

భానుమూర్తి రశీదు మడత పెట్టాడు. ఏసుపాదం వైపు చూశాడు. అతను పీట మీంచి లేచి, పిండి డబ్బా చేతిలోకి తీసుకున్నాడు.

"మాకూ ఒకటి వచ్చిందండి," అన్నాడు నెమ్మదిగా. "డాబా మీద కూర్చుని చదువుకుంటానని మా అమ్మాయి ఎండకి రెండు దుప్పట్లు కట్టింది. అది అంతస్తయిందట. నెలనెలా జీతంలో పట్టుకుంటున్నారు. ట్యూషను మాన్పించాను."

మరి తనతో ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని భానుమూర్తి అడిగాడు.

"ఆ పేరా మీరు రాసిందేనని ఆఫీసులో అందరికీ తెలుసు కదండీ. మీకే ఎలా చెబుతాను?"

అతను పిండికి డబ్బులివ్వబోతే విశాలాక్షి వద్దంది. అతను వినకుండా గట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు. భానుమూర్తి ఆ గట్టు దగ్గరే నిలబడి జేబు తడుముకున్నాడు. ఉపసంహరించుకుంటున్నానని ఆఫీసుకి సంతకం పెట్టిచ్చాడేగాని, ఆ మూడు ముక్కల కాగితం ఇంకా తన జేబులోనే ఉంది. సాయంత్రం వెళ్ళి దాన్ని వంద జిరాక్సులు తీయించుకొచ్చాడు. వంద ఎందుకని విశాలాక్షి అడగలేదు. మర్నాటి నుంచి పిండి కోసం వచ్చే వాళ్ళందరికీ ఆవిడే చెప్పడం మొదలుపెట్టింది, నోటీసు వచ్చి ఉంటే పట్టుకురమ్మని, ఆయన జవాబు రాసిస్తారని. జవాబుకి ఏమైనా తీసుకుంటారా అని ఒకావిడ అడిగితే, కిలో పిండి కొంటే ఉచితం అంది.

మూడో రోజు పొద్దున్న వాళ్ళ వీధిలో గిన్నెలతో, నోటీసులతో జనం సందు మలుపుదాకా నిలబడ్డారు. భానుమూర్తి అరుగు మీద చాప వేసుకుని, ఒక్కొక్కరి పేరూ, ఇంటి నంబరూ అడిగి జవాబు రాస్తూ, చివర తన జిరాక్సు గుచ్చి, కొత్తగా సంతకం పెట్టి ఇస్తున్నాడు. సంతకం పెట్టిన ప్రతిసారీ కాస్త సిగ్గేస్తూనే ఉంది. ఒక ముసలాయన తన నోటీసు అందిస్తూ, ఇంతకీ ఈ దిక్కుమాలిన పేరా రాసినవాడు ఇంకా బతికే ఉన్నాడా బాబూ అని అడిగాడు.

"ఉన్నాడండి," అని భానుమూర్తి తల ఎత్తకుండా రాసుకుపోయాడు.

తొమ్మిదింటికి పిండి అయిపోయింది. జనం మాత్రం వస్తూనే ఉన్నారు.